కనిపించని దాన్ని తూచిన బడిపంతులు జాన్ డాల్టన్

డాల్టన్ పరమాణు సిద్ధాంతంలోని ముఖ్యాంశాలు రాయండి. హైస్కూలు నుంచి ఇంటర్ దాకా ఈ ప్రశ్న ఎదురుపడని విద్యార్థి మన హాస్టల్‌లో ఉండడు. నాలుగు మార్కులకు ఐదు పాయింట్లు. పదార్థం పరమాణువులతో తయారైంది, వాటిని విభజించలేం, ఒకే మూలకం పరమాణువులన్నీ ఒకేలా ఉంటాయి అంటూ స్టడీ అవర్‌లో గొంతెత్తి చదివేస్తాం, పరీక్ష హాల్లో దింపేస్తాం. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు అడిగినప్పుడు మాకు ఈ ఐదు పాయింట్లే గుర్తొచ్చాయి. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కినవాళ్ళం మేమే మొదటివాళ్ళం. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ క్లాసుల్లో కూర్చున్నాక, ఆ పాయింట్లు రాసిన మనిషి ఎవరు, ఆయనకు అవి ఎలా తట్టాయి అని వెతుక్కుంటూ చదివాం. చదివినకొద్దీ ఆయన మనకు బాగా దగ్గరివాడనిపించింది. అందుకే ఈ నాలుగు పేజీలు.

జాన్ డాల్టన్ 1766 సెప్టెంబరులో ఇంగ్లండు ఉత్తరాన కంబర్లాండ్ ప్రాంతంలోని ఈగిల్స్‌ఫీల్డ్ అనే పల్లెలో జన్మించారు. తండ్రి జోసెఫ్ మగ్గం నేసేవారు. కొద్దిపాటి పొలం ఉండేది. ఆ కుటుంబం క్వేకర్లు అనే క్రైస్తవ శాఖకు చెందింది. వీరికి ఆడంబరం గిట్టదు. అప్పట్లో రంగురంగుల బట్టలు కట్టేవారు కాదు. రాజు ఎదురుగా నిలబడినా తలమీది టోపీ తీసేవారు కాదు. అయితే పిల్లలకు చదువు చెప్పించాలనే పట్టుదల మాత్రం గట్టిగా ఉండేది. పేదవాళ్ళయినా సరే తమ పిల్లలకోసం ఊరూరా బడులు నడుపుకునేవారు. డాల్టన్ అక్షరాలు దిద్దుకున్నది అలాంటి బడిలోనే. ఫ్లెచర్ అనే ఉపాధ్యాయుడు అక్కడ చదువు చెప్పారు. ఊళ్ళోనే కలిగిన ఇంటివాడు, వాతావరణ పరికరాలంటే ప్రాణమిచ్చేవాడు అయిన ఎలీహు రాబిన్సన్ ఈ కుర్రాడి తెలివి చూసి లెక్కలు నేర్పారు.

12 ఏళ్ళ వయసులో డాల్టన్ సొంతంగా బడి పెట్టారు. పన్నెండేళ్ళంటే మన లెక్కలో ఏడో తరగతి. ఆ బడికి వచ్చినవాళ్ళలో ఆయనకంటే పెద్దవాళ్ళు కూడా ఉండేవారు. వాళ్ళను అదుపు చేయబోతే కొట్లాటకు రమ్మని సవాలు చేసేవారని చెబుతారు. ఆ బడి మీద వచ్చే డబ్బు చాలక పొలం పనికి కూడా వెళ్ళారు.

1781లో, 15వ ఏట, అన్న జోనాథన్‌తో కలిసి పనిచేయడానికి కెండల్ అనే పట్టణానికి చేరారు. అది కూడా క్వేకర్ల బడే. 1785 నుంచి అన్నదమ్ములిద్దరే దాన్ని నడిపించారు. కొందరు పిల్లలు అక్కడే ఉండి చదువుకునేవారు, అంటే అదీ ఒక రకంగా హాస్టలే. అన్న కఠినంగా ఉండేవారట. తమ్ముడు మాత్రం ఖాళీ దొరికితే లెక్కల్లో మునిగిపోయేవారు.

కెండల్‌లో డాల్టన్‌కు దొరికిన అసలు గురువు జాన్ గాఫ్. మశూచి సోకి చిన్ననాడే చూపు పోయిన మనిషి. అయినా లాటిన్, గ్రీకు, గణితం వచ్చు. మొక్కలను తడిమి, వాసన చూసి పేర్లు చెప్పగలిగేవారు. డాల్టన్ ఆయనకు పుస్తకాలు చదివి వినిపించేవారు, ఆయన డాల్టన్‌కు పాఠాలు చెప్పేవారు. రోజూ వాతావరణం రాసిపెట్టే అలవాటు కూడా గాఫ్ దగ్గరే అబ్బింది. 1787 మార్చి 24న డాల్టన్ ఒక పుస్తకం తెరిచి ఆనాటి వాతావరణం రాశారు. థర్మామీటర్లు, బారోమీటర్లు కొన్ని తనే తయారు చేసుకున్నారు. అప్పటినుంచి చనిపోయే ముందురోజు దాకా, 57 ఏళ్ళపాటు రాస్తూనే ఉన్నారు. మొత్తం రెండు లక్షలకు పైగా కొలతలు.

డాల్టన్ గురించి రాసేవాళ్ళు చాలామంది స్వయంకృషితో పైకొచ్చాడని రాస్తారు. మాకు ఆ మాట సగమే నిజమనిపిస్తుంది. కృషి ఆయనదే, సందేహం లేదు. కానీ పల్లెటూరి నేతగాడి కొడుక్కి తమ బడి తలుపు తెరిచింది ఒక సమాజం. సాయంత్రాలు లెక్కలు నేర్పింది ఒక పొరుగాయన. గ్రీకు నేర్పింది చూపులేని ఒక పండితుడు. వీళ్ళు లేకపోతే ఆయన ఈగిల్స్‌ఫీల్డ్‌లోనే మగ్గం ముందు కూర్చునేవారేమో. మన సంక్షేమ హాస్టల్ మెస్సులో కూర్చుని చదివేవాళ్ళకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు.

మరి అంత తెలివైన కుర్రాణ్ణి విశ్వవిద్యాలయానికి ఎందుకు పంపలేదు? డబ్బు ఒక్కటే కారణం కాదు. ఆ రోజుల్లో ఇంగ్లండులో ఉన్నవి రెండే విశ్వవిద్యాలయాలు, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్. దేశపు అధికారిక చర్చి సిద్ధాంతాలను ఒప్పుకుని సంతకం చేయనివారికి ఆక్స్‌ఫర్డ్‌లో ప్రవేశమే లేదు. కేంబ్రిడ్జ్‌లో చదవనిచ్చినా పట్టా ఇచ్చేవారు కాదు. క్వేకర్లు ఆ సంతకం పెట్టరు. అంటే పుట్టిన ఇంటిని బట్టి గేటు మూసుకుపోయినట్టే. ఈ సంగతి చదివినప్పుడు మాకేమీ వింతగా అనిపించలేదు. వైద్యమో న్యాయశాస్త్రమో చదవాలని డాల్టన్‌కు ఒకప్పుడు కోరిక పుట్టింది గానీ బంధువులు ప్రోత్సహించలేదు.

1793లో గాఫ్ సిఫారసుతో మాంచెస్టర్‌లోని న్యూ కాలేజీలో గణితం, భౌతికశాస్త్రం బోధించే ఉద్యోగం వచ్చింది. విశ్వవిద్యాలయాల్లో చోటు దొరకని మతశాఖలవాళ్ళు తమ పిల్లలకోసం పెట్టుకున్న కాలేజీ అది. మాంచెస్టర్ అప్పుడు పత్తి మిల్లులతో పొగలు కక్కుతూ పెరుగుతున్న ఊరు. మరుసటి ఏడు అక్కడి లిటరరీ అండ్ ఫిలసాఫికల్ సొసైటీలో డాల్టన్‌ను సభ్యుడిగా తీసుకున్నారు. అక్కడ ఆయన చదివిన మొదటి వ్యాసం తన కళ్ళ గురించే. మిగతావాళ్ళు గులాబిరంగు అంటున్న పువ్వు తనకు పగటిపూట నీలంగా, కొవ్వొత్తి వెలుగులో వేరే రంగుగా కనిపిస్తోందని ఆయన గమనించారు. అన్న జోనాథన్ చూపూ అంతే. ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా తనకు సరిగా తెలియదని సభలో నిలబడి చెప్పడమే కాకుండా, దాన్ని శాస్త్ర విషయంగా పరిశీలించారు. వర్ణాంధత్వానికి చాలాకాలం డాల్టనిజం అనే పేరుండడానికి కారణం అదే. తన కంటిలోని ద్రవం నీలిరంగులో ఉండి ఎరుపును మింగేస్తోందని ఆయన ఊహించారు. ఆ ఊహ సంగతి చివర్లో చెప్పుకుందాం.

1800లో కాలేజీ ఉద్యోగం వదిలేశారు. ఆపైన బతుకంతా ట్యూషన్లే. పిల్లలకు లెక్కలు చెప్పి, ఆ డబ్బుతో బతుకుతూ, మిగిలిన పొద్దంతా సొసైటీ వాళ్ళిచ్చిన గదిలో ప్రయోగాలు చేసుకునేవారు. పెళ్ళి చేసుకోలేదు. జాన్స్ అనే పాస్టరు గారి కుటుంబంతో దాదాపు పాతికేళ్ళు అద్దెకున్నారు. గురువారం మధ్యాహ్నం మాత్రం పచ్చిక మీద బంతులు దొర్లించే బౌల్స్ ఆటకు వెళ్ళేవారు.

ఇక అసలు విషయానికి వద్దాం. పరమాణువు అనే ఊహ డాల్టన్‌ది కాదు. మన దేశంలో కణాదుడి పేరున, గ్రీసులో డెమోక్రిటస్ పేరున ఆ ఊహ వేల ఏళ్ళనాడే ఉంది. అయితే అది ఊహగానే ఉండిపోయింది. డాల్టన్ అడిగిన ప్రశ్న వేరు: ఒక్కో పరమాణువు బరువెంత?

ఆ ప్రశ్న ఆయనకు గాలిలోంచి వచ్చింది. మాట వరసకు అనడం లేదు, నిజంగానే గాలిలోంచి. రోజూ వాతావరణం రాసే మనిషి కదా. గాలిలో ఆక్సిజన్, నైట్రోజన్, నీటి ఆవిరి ఉన్నాయి. ఆక్సిజన్ బరువైనది. మరి నీటి మీద నూనె తేలినట్టు, బరువైన వాయువు కిందికి, తేలికది పైకి చేరి పొరలుగా ఎందుకు విడిపోవు? కొండమీది గాలిలోనూ కిందిగాలిలోనూ ఒకే పాళ్ళలో ఎందుకున్నాయి? దీని గురించి ఆలోచిస్తూ, మిశ్రమంలో ప్రతి వాయువూ తక్కినవి లేనట్టుగానే తన పీడనం తాను చూపుతుందని 1801లో చెప్పారు. మన ఇంటర్ పుస్తకంలోని పాక్షిక పీడనాల నియమం అదే. తర్వాత ఇంకో చిక్కు: కొన్ని వాయువులు నీటిలో ఎక్కువ కరుగుతాయి, కొన్ని తక్కువ. కణాల బరువులో తేడా వల్లనేమో అనుకున్నారు. అది నిజం కాదని తర్వాత తేలింది. కానీ దాన్ని పరీక్షించాలంటే కణాల బరువు తెలియాలి కదా, దానికోసం బయల్దేరారు. 1803 సెప్టెంబరు 6న ఆయన నోటు పుస్తకంలో పరమాణు భారాల మొదటి పట్టిక కనిపిస్తుంది.

కంటికి కనిపించని దాన్ని త్రాసులో ఎలా తూస్తాం? తమ్ముళ్ళకు అర్థమయ్యేలా ఒక ఉదాహరణ చెబుతాం. బళ్ళు తయారుచేసే కార్ఖానా ఒకటుంది. లోపలికి మనల్ని రానివ్వరు. లోపలికి ఎంత బరువు చట్రాలు వెళ్ళాయో, ఎంత బరువు చక్రాలు వెళ్ళాయో గేటు దగ్గర కాగితం మాత్రం ఇస్తారు. మొదటి రోజు 100 కిలోల చట్రాలకు 40 కిలోల చక్రాలు వెళ్ళాయి. రెండో రోజు వేరే రకం బళ్ళు చేశారు, అవే 100 కిలోల చట్రాలకు 80 కిలోల చక్రాలు. ఏ రోజు చూసినా 40 లేదా 80, మధ్యలో 53 గానీ 67 గానీ రావడం లేదు. అప్పుడు మనకేం తెలుస్తుంది? చక్రాలు ముద్దలాగా ఎంతంటే అంత తెంపి వేసేవి కావు, లెక్కపెట్టే వస్తువులు. ఒక రకం బండికి ఎన్ని చక్రాలో రెండో రకానికి వాటికి సరిగ్గా రెట్టింపు. చక్రాన్ని చూడకుండానే ఆ మాట చెప్పగలం.

డాల్టన్ కర్బన వాయువులలో చూసింది ఇదే. అప్పటికే లావోయిజే ద్రవ్యనిత్యత్వాన్ని, ప్రౌస్ట్ స్థిరానుపాత నియమాన్ని చెప్పి ఉన్నారు. డాల్టన్ ఒకే రెండు మూలకాలు ఒకటికంటే ఎక్కువ రకాలుగా కలిసే చోట్లు వెతికారు. ఊరి చుట్టూ ఉన్న మురుగు కుంటల్లో అడుగున బురద కర్రతో కదిపి, పైకొచ్చే బుడగలను సీసాల్లో పట్టేవారు. మనం మీథేన్ అంటున్నది అదే. దాన్ని ఇథిలీన్‌తో పోల్చారు. నేటి అంకెల్లో చెప్పాలంటే 12 గ్రాముల కర్బనానికి మీథేన్‌లో 4 గ్రాముల హైడ్రోజన్, ఇథిలీన్‌లో 2 గ్రాములు. అలాగే 12 గ్రాముల కర్బనానికి ఒక ఆక్సైడులో 16 గ్రాముల ఆక్సిజన్, ఇంకోదానిలో 32. చట్రాలు, చక్రాలు! ఇంగ్లీషు మీడియం పుస్తకాల్లో లా ఆఫ్ మల్టిపుల్ ప్రపోర్షన్స్ అని ఉండేది ఇదే. బట్టీ పట్టిన ఐదు పాయింట్లలో పరమాణువులు చిన్న పూర్ణాంకాల నిష్పత్తిలో కలుస్తాయి అనే పాయింటు ఈ బురదకుంటల్లోంచి వచ్చిందే.

ఒక పరమాణువు బరువు గ్రాముల్లో ఎంతో డాల్టన్‌కు తెలియదు. అక్కర్లేదు కూడా. అన్నిటికంటే తేలికైన హైడ్రోజన్‌ను 1 అనుకుని, తక్కినవి దానికెన్ని రెట్లో చెబితే చాలన్నారు. ఈ పద్ధతిని 1807లో థామస్ థామ్సన్ అనే రసాయన శాస్త్రవేత్త తన పుస్తకంలో పరిచయం చేశారు. 1808లో డాల్టన్ సొంత పుస్తకం, ఎ న్యూ సిస్టమ్ ఆఫ్ కెమికల్ ఫిలాసఫీ, మొదటి భాగం వచ్చింది. అందులో మూలకాలను గుండ్రాలతో చూపించారు. ఉత్త సున్నా ఆక్సిజన్, మధ్యలో చుక్క పెడితే హైడ్రోజన్, మొత్తం నలుపు పూస్తే కర్బనం. ఆ పట్టికలో సున్నం, సోడా కూడా మూలకాలుగా ఉన్నాయి, అవి సమ్మేళనాలని అప్పటికింకా గట్టిగా తేలలేదు. పిల్లలకు చూపించడానికి చెక్క బంతులు కూడా చేయించుకున్నారు. ఎంతైనా బడిపంతులు కదా.

ఇప్పుడు పాఠ్యపుస్తకం మనకు చెప్పని భాగం. డాల్టన్ ప్రకారం నీటి అణువులో ఒక హైడ్రోజన్, ఒక ఆక్సిజన్. మనం హెచ్ టూ ఓ అంటాం, ఆయన హెచ్ ఓ అన్నారు. ఎందుకు? 9 గ్రాముల నీటిలో 1 గ్రాము హైడ్రోజన్, 8 గ్రాముల ఆక్సిజన్ ఉంటాయి. త్రాసు చెప్పేది ఇంతవరకే. ఒక్కొక్కటి చొప్పున కలిశాయనుకుంటే ఆక్సిజన్ పరమాణువు హైడ్రోజన్‌కు 8 రెట్లు. రెండు హైడ్రోజన్లకు ఒక ఆక్సిజన్ అనుకుంటే 16 రెట్లు. రెండూ త్రాసుకు సరిపోతాయి! బండికి ఎన్ని చక్రాలో తెలియకుండా ఒక చక్రం బరువు చెప్పలేం, చక్రం బరువు తెలియకుండా ఎన్ని చక్రాలో చెప్పలేం. ఈ చిక్కుముడి ఎలా విప్పాలో డాల్టన్‌కు దారి దొరకలేదు. రెండు మూలకాలకు ఒక్కటే సమ్మేళనం తెలిసి ఉంటే అది ఒకటికొకటి అనుకుందాం అని ఒక నియమం పెట్టుకున్నారు. పైగా ఆనాటి కొలతలూ అంత కచ్చితంగా లేవు. అందుకే 1808లో ఆయన ఆక్సిజన్‌కు వేసిన అంకె 8 కూడా కాదు, 7.

దారి చూపించిన వాళ్ళు లేకపోలేదు. 1808లోనే ఫ్రాన్సులో గే-లుసాక్, రెండు పాళ్ళ ఘనపరిమాణం హైడ్రోజన్ ఒక పాలు ఆక్సిజన్‌తో కలిసి రెండు పాళ్ళ నీటి ఆవిరి ఇస్తుందని చూపించారు. 1811లో ఇటలీలో అవొగాడ్రో దాన్ని వివరించారు: సమాన ఘనపరిమాణాల్లో సమాన సంఖ్యలో అణువులుంటాయి, ఆక్సిజన్ వాయువులో పరమాణువులు జంటగా ఉంటాయి, చర్యలో ఆ జంట విడిపోతుంది. డాల్టన్ ఈ వాదాన్ని ఒప్పుకోలేదు. ఒకే రకం పరమాణువులు ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయని ఆయన నమ్మకం, అలాంటప్పుడు రెండు ఆక్సిజన్లు జంటగా ఎలా ఉంటాయి? గే-లుసాక్ కొలతల్లోనే తప్పుందన్నారు. స్వీడన్‌కు చెందిన బెర్జీలియస్ గుండ్రాల బదులు అక్షరాలు వాడదామంటే దానికీ ససేమిరా అన్నారు. మనం రాస్తున్నవి బెర్జీలియస్ అక్షరాలే. మూసి ఉన్న గేట్ల బయట నిలబడి ఒంటరిగా ఆలోచించడం నేర్చుకున్న మనిషికి, ఇతరుల పుస్తకాలమీద, కొలతలమీద గురి కుదరకపోవడం ఆశ్చర్యం కాదని మా అభిప్రాయం. ఆయన బలమూ, ఆయన మొండితనమూ ఒకే చోట పుట్టాయి.

పేరు మాత్రం బాగా వచ్చింది. 1817 నుంచి మాంచెస్టర్ సొసైటీకి ఆయనే అధ్యక్షులు. 1822లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1826లో ఆ సొసైటీ పతకం. 1833లో ప్రభుత్వం పింఛను ఇచ్చింది. అయినా ట్యూషన్లు మానలేదు. ఎంతో గొప్ప ఆచార్యుణ్ణి చూస్తామని ప్యారిస్ నుంచి వచ్చిన ఒక శాస్త్రవేత్తకు, ఒక కుర్రాడి పలక మీద లెక్క సరిచూస్తూ ఈయన కనిపించారని కథగా చెబుతారు. శక్తికి ప్రమాణంగా మనం వాడే జౌల్ ఎవరి పేరో, ఆ జేమ్స్ జౌల్ చిన్నప్పుడు ఈయన దగ్గర ట్యూషన్ చదివిన కుర్రాడే.

1832లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం డాల్టన్‌కు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. విద్యార్థిగా చేరడానికి వీల్లేని చోటే ఎర్రటి గౌను కప్పి సన్మానించారు. చేరడానికి సంతకం కావాలన్న నిబంధన మాత్రం అప్పటికీ అలాగే ఉంది. 1834లో నాలుగో విలియం రాజును కలవాల్సి వచ్చింది. ఆస్థానానికి వెళ్ళాలంటే కత్తి కట్టుకోవాలి, క్వేకర్లు కత్తి పట్టరు. అందుకని ఆ ఆక్స్‌ఫర్డ్ గౌనే వేసుకెళ్ళారు. అంత ఎరుపు బట్ట కట్టడం క్వేకర్లకు తగదు, కానీ ఆయన కళ్ళకు అది మట్టిరంగులా, మామూలు బట్టలాగే కనిపించింది.

1837లో పక్షవాతం వచ్చింది. మాట తడబడింది, చేయి వణికింది, అయినా వాతావరణ పుస్తకం ఆగలేదు. 1844 జూలై 26 రాత్రి కొద్దిపాటి వాన పడిందని రాసుకుని పడుకున్నారు. మర్నాడు పొద్దున చనిపోయారు. మాంచెస్టర్ టౌన్‌హాల్లో ఉంచిన శవపేటికను చూడటానికి 40,000 మంది వరసకట్టి వచ్చారు.

నీటి సంగతి తేలడానికి ఇంకో 16 ఏళ్ళు పట్టింది. 1860లో జర్మనీలోని కార్ల్స్‌రూహ్‌లో రసాయన శాస్త్రవేత్తలందరూ సమావేశమయ్యారు. ఇటలీ నుంచి వచ్చిన కానిజారో, అవొగాడ్రో చెప్పింది తీసుకుని డాల్టన్ పద్ధతిలో లెక్కిస్తే పరమాణు భారాలన్నీ చిక్కులేకుండా కుదురుతాయని వివరించారు. ఆక్సిజన్ 16, నీరు 18. మనం మోల్ లెక్కల్లో చేతిరాతకు కూడా ఆలోచించకుండా వేసే 18 అది. తర్వాత 1897లో ఎలక్ట్రాన్ బయటపడి పరమాణువు విభజించలేనిది కాదని తేలింది. 1913లో ఐసోటోపుల భావన వచ్చి ఒకే మూలకం పరమాణువులన్నీ ఒకే బరువుండవని తేలింది. ఐదు పాయింట్లలో రెండు అలా సవరణకు గురయ్యాయి. పరమాణువులు లెక్కకు దొరికే చిన్న సంఖ్యల్లోనే కలుస్తాయన్న పాయింటు మీద మాత్రం మన సమీకరణాల తుల్యం ఇప్పటికీ నడుస్తోంది. జీవరసాయన శాస్త్రంలో ప్రొటీన్ల బరువును డాల్టన్లలోనే చెబుతారు.

ఇక కళ్ళ సంగతి. తాను పోయాక తన కళ్ళు కోసి చూడమని డాల్టన్ ముందే తన వైద్యుడికి చెప్పి ఉంచారు. వైద్యుడు అలాగే చేశారు. లోపలి ద్రవం నీలంగా లేదు, తేటగానే ఉంది. డాల్టన్ ఊహ తప్పు. అయితే ఆ కళ్ళను పారేయలేదు, మాంచెస్టర్ సొసైటీలో దాచి ఉంచారు. 1940 డిసెంబరు 24న యుద్ధ విమానాల బాంబులకు ఆ సొసైటీ భవనం తగలబడి డాల్టన్ నోటు పుస్తకాల్లో చాలా భాగం కాలిపోయాయి. కళ్ళు మాత్రం మిగిలాయి. ఆయన పోయి 150 ఏళ్ళయ్యాక శాస్త్రవేత్తలు వాటిలోంచి చిన్న ముక్క తీసి డీఎన్‌ఏ పరీక్షించారు. ఆకుపచ్చ వెలుగును పట్టే వర్ణకం ఆయన కంటిలో లేదని 1995లో ప్రకటించారు.